ఒకటి చాలన్నారు

లాలాపేటలో మాణిక్యాచారి కొట్టుకి
తలుపు ఉండేది కాదు.
సగం గుంటూరుకి తలుపులు చేసినవాడు
రాత్రి గోనెపట్టా దించుకుని పడుకునేవాడు.

ఆ గోనె పక్కకి తీసి ఒక పొద్దున
మెహర్‌బాను గారు వచ్చారు.
పైట చెంగులో సుర్మా పెట్టె.
"మా నాయనమ్మది. షీరాజ్‌ది."
మూతనిండా ఆవగింజ మందాన నక్షత్రాలు,
ఒక మూల మాత్రం
పన్ను ఊడిన చోటులా నల్లటి గుంట.
"ఒక్కటే పోయింది ఆచారీ. ఒకటి చాలు."

గురువు మూడు రోజులు దాన్ని ముట్టుకోలేదు.
అన్నం కలుపుతూ చూశాడు,
మిర్చి బస్తాల బండి వెళ్తే తుమ్మి, మళ్లీ చూశాడు.
నాలుగో రోజు నా వీపు మీద ఒకటిచ్చి
"ఒరే, ఇది చెక్కింది కాదు. కోసింది" అన్నాడు.

బెండకాయ తెప్పించాడు.
అడ్డంగా కోశాడు. ఇంకోచోట కోశాడు.
ఎక్కడ కోసినా అదే పువ్వు.
నక్షత్రం మూత మీద లేదు,
లోపల, పొడవునా ఉంది.

తెనాలి నిమ్మతోటలో ఎండిన కొమ్మ,
మా పెరటి రేగు,
నలుపుకి తుమికి చేవ.
తెలుపుకి వాళ్లు ఒంటె ఎముక వాడతారట.
మాకు ఖాదర్‌వలీ ఇచ్చిన గేదె ఎముకే
సోడాలో మూడు పూటలు ఉడికింది,
మూడు పూటలూ పక్క మిఠాయికొట్టు వాడు
మా వంశాలు తిట్టాడు.
ఇత్తడికి, ఏదో భజన సమాజం పారేసిన
తంబురా తీగ.

చీపురుపుల్ల కన్నా సన్నం,
పుల్లకి మూడు పలకలు.
పలక వంకరైతే నక్షత్రం కుంటుతుంది.
నేను చెడగొట్టినవి పళ్లు కుట్టుకోడానికి
కూడా పనికి రాలేదు.

అన్నీ కట్టగా పేర్చి, వజ్రం పూసి,
నూలుదారం బిగించి చుట్టాడు.
మా పనివాళ్ల మాటలో వజ్రమంటే బంక.
కాగుతుంటే చచ్చిన పశువు వాసన.
మెరిసే వజ్రాల సంగతి మాకు తెలీదు,
మాది కనపడకుండా పట్టుకుంటుంది.

ఎనిమిది రోజులకి దారం విప్పి
సన్నరంపం ఆనించాడు.
మొదటి బిళ్ల ఎగిరి పొట్టులో పడింది.
మోకాళ్ల మీద వెతికాను.
గురువు దాన్ని ఊది, అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు ఊరుకున్నాడు.
"ఆ షీరాజ్ వాడికీ రెండు చేతులేరా."

బాను గారి పెట్టెలో అది కూర్చుంది,
కాస్త పసుపుగా.
ఆవిడ వేలితో ఇట్టే కనిపెట్టింది.
"ఇది గుంటూరుది" అంది, నవ్వలేదు, కోప్పడలేదు,
అడిగినదానికి పది ఎక్కువే ఇచ్చింది.

ఒక్కటి అడిగితే ఒక్కటి కొయ్యడం కుదరదు ఈ పనిలో.
ఇంకా ముప్పై బిళ్లలు మిగిలాయి.
అమ్మమంటే అమ్మలేదు.
ఆ ఏడాది చేసిన ప్రతి సామానులో
ఒకటి దాచేవాడు, చెప్పకుండా:
గుమాస్తా గారి బల్ల సొరుగు వెనక,
మంత్రసాని పీటకి అడుగున,
కంచంబల్ల కోడు లోపల.
కూలి అడగలేదు. చూపించనూ లేదు.
ఆఖరి బిళ్ల ఎక్కడ పెట్టాడో నాకూ తెలీదు.

నేనిప్పుడు బెజవాడ ఆటోనగర్లో
మాడ్యులర్ కిచెన్లు కట్టి బిగిస్తాను.
చెక్క గీతలు కాగితం మీద అచ్చై వస్తాయి.
టేకు కావాలంటే టేకు, వాల్‌నట్ అంటే వాల్‌నట్.
అడ్డంగా కోస్తే పొట్టు.

పోయిన నెల బ్రాడీపేటలో
ఒక పాత వంటిల్లు విప్పుతున్నాం.
తీసేసే సామాను లిస్టు నేనే రాశాను,
పదకొండోది కత్తిపీట.
లారీలో వెయ్యబోతూ తిరగేస్తే
కింద, మసిలో, గోరంత.

ఉమ్మి రాసి తుడిచాను.
ఇంటావిడ గుమ్మంలో నిలబడి
"ఏముందయ్యా దాంట్లో?" అంది.
ముప్పై ఐదేళ్లు దాని మీద
బెండకాయలు తరిగి ఉంటుంది.

నోరు తెరిచాను. మా గురువు చెప్పేవాడు కాదు.
"పీట గట్టిగా ఉందమ్మా" అన్నాను.
లిస్టు తీసి
పదకొండో నంబరు కొట్టేశాను.